పిల్లగాని తరఫు బస్సు

ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు. నమ్మకపోతే వాళ్లిష్టం. నేను మాత్రం ఆ బస్సులో కూర్చున్నాను, దిగి తోశాను, దాని పొగ మింగాను. అది బొగ్గుతో నడిచే బస్సు. రైలింజను సంగతి కాదు నేను చెప్పేది, రబ్బరు చక్రాల మీద రోడ్డున పోయే బస్సు. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క, బస్సు వెనకాల నిలువెత్తు ఇనుప పీపా బిగించి, అందులో బొగ్గు రాజేసి, ఆ వచ్చే గ్యాసుతో ఇంజను నడిపేవారు. యుద్ధం అయిపోయింది, పెట్రోలు వచ్చింది, ఆ బస్సులు మూలన పడ్డాయి. మేం అలా మూలన పడ్డ ఒకదాన్ని లేపి ఆదిలాబాదు అడవుల అవతల ఉన్న బోథ్ అనే ఊరి దాకా తీసుకుపోయాం. ఎందుకు పోయామో ముందు చెప్పాలి, లేకపోతే మాకు పిచ్చెక్కిందనుకుంటారు.

అప్పుడు నేను మంచిర్యాలకు అవతల ఒక బొగ్గుబాయి కాలనీలో ఉండేవాణ్ణి. లాంపు రూములో పని. బాయిలోకి దిగేవాడికి దీపం ఇవ్వాలి, పైకి వచ్చినవాడి దగ్గర తీసుకోవాలి. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన కొత్త. మా కాలనీలో పక్కపక్క ఇళ్లవాళ్లకు కూడా ఊరు కలిసేది కాదు, భాష కలిసేది కాదు. కరీంనగరు పల్లెలవాళ్లు, గోరఖ్‌పూర్ నుంచి వచ్చినవాళ్లు, బిలాస్‌పూర్ వాళ్లు, మిషను చర్చి కుటుంబాలవాళ్లు అందరూ ఒకే నల్లా దగ్గర బిందెలు పెట్టి కొట్లాడుకునేవారు.

నాకు అక్కడ ఇద్దరు ప్రాణస్నేహితులు. ఒకడు బాయి లారీ డ్రైవరు. నోరు తెరిస్తే మూసేవాడు కాదు. రెండోవాడు బాయి లోపల బొగ్గు డబ్బాలు తోసేవాడు, నోరు మూస్తే తెరిచేవాడు కాదు. వీణ్ణి చిన్నతనంలో ఎవరో కూలీల గుంపుతో పాటు తీసుకొచ్చారట. తీసుకొచ్చినవాడు జ్వరంతో పోయాడు. వీడికి తన ఊరు తెలియదు, తల్లిదండ్రుల పేర్లు తెలియవు. ఇంటిపేరు అడిగితే నవ్వి ఊరుకునేవాడు. పెండ్లికొడుకు అయింది వీడే.

మా వరసలో ఒక బోథ్ ఆమె కాపురం ఉండేది. ఆమెకు సాయంగా ఉండడానికి ఆమె అన్న కూతురు వచ్చింది. నల్లా దగ్గర ఆ పిల్లా, మావాడూ ఒకరినొకరు చూసుకున్నారు. మాట్లాడుకున్నది తక్కువే, కాని కాలనీకంతా తెలిసిపోయింది. ఇంతలో ఆ బోథ్ ఆమె భర్త మీద బాయిలో బండ కూలి పడి ఆయన పోయాడు. ఆయన సొంత అన్నదమ్ములు శవాన్ని చూడడానికి కూడా రాలేదు. దినాలు కాలనీవాళ్లే చేశారు. తర్వాత మావాడు ఆమెనూ ఆ పిల్లనూ పెట్టెబేడాతో ఒక సరుకు లారీలో నిర్మల్ దాకా, అక్కడి నుంచి ఎడ్లబండిలో బోథ్ దాకా దిగబెట్టి వచ్చాడు.

ఏడాది గడిచాక ఒకనాడు ఒంటరిగా బోథ్ వెళ్లి పిల్ల తండ్రిని అడిగాడు. ఆయన జొన్న, పత్తి వేసే రైతు. కొట్టలేదు, తిట్టలేదు. ఆయన అన్న మాటలను మావాడు తిరిగివచ్చి లాంపు రూము మెట్ల మీద కూర్చుని మాకు ఉన్నవి ఉన్నట్టు చెప్పాడు.

"పిలగా, నువ్వు మంచోనివే. కాని నా చెల్లెను బొగ్గుబాయోనికిచ్చిన. గామె బతుకు ఏమైందో నువ్వే చూసినవ్. రేపు నీకేమన్న అయితె నా బిడ్డ ఎవరి మొఖం చూడాలె? నీ ఎనుక ఎవలున్నరు? నీ తరఫోళ్లను తోలుకరా, మాట్లాడుకుందం. వచ్చే సోమారం పొద్దుగూకేలోపల రావాలె. రాకుంటె బుధారం కిన్వట్ సంబంధమోళ్లొస్తున్నరు, వాళ్లకు మాటిస్త."

ఇంత చెప్పి మావాడు మా ఇద్దరి మొహాలు చూశాడు. "నా ఎనుక ఎవలున్నరురా?" అన్నాడు. ఏడవలేదు. నిజంగానే అడిగాడు, మాకు తెలిస్తే చెబుతామేమో అన్నట్టు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండిందో ఇప్పటికీ చెప్పలేను. ఆ రైతు మీద కాదు, ఆయన భయం న్యాయమైనదే. మావాణ్ణి ఊరూ పేరూ లేకుండా చేసిన దేవుడి మీద మండిందేమో. "ఎవలు లేరా? చుట్టాలు గావాల్నా? బస్సు నిండ తీస్కపోదం!" అని అరిచాను. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెండ్లి చెయ్యమన్నారు పెద్దలు. మాకు వెయ్యి అక్కర్లేదు, ఒక్క కుటుంబం పుట్టిస్తే చాలు.

ఆ సాయంత్రం నర్సమ్మ ఇంటి అరుగు మీద కుటుంబాన్ని పుట్టించే పని మొదలైంది. నర్సమ్మ బాయి దవాఖానాలో పనిచేసేది. మిషను చర్చి మనిషి, పెద్దావిడ, పిల్లలు లేరు. కాలనీలో సగంమంది పిల్లలు ఆమె చేతుల మీద పుట్టినవాళ్లే. మావాడికి తల్లిగా ఆమె రావాలని అందరం అనుకున్నాం. ఆమె ఒప్పుకోలేదు.

"అబద్ధమాడితె ప్రభువు ఊకుంటడారా?" అంది.

"నర్సమ్మా, ఒక్క దినమే," అన్నాడు డ్రైవరు.

"నేను వాన్ని కన్న అని చెప్ప. వానికి జెరమొస్తె నెత్తికాడ కూసున్న అని చెప్త. గది అబద్ధం గాదు," అంది. మాకు అది చాలు.

మేనమామగా గోరఖ్‌పూర్ పెద్దాయన కుదిరాడు. బాయిలో ముప్పు వస్తుందంటే ముందుగా కనిపెట్టే మనిషి, మీసాలు భుజాల దాకా వచ్చేవి. తెలుగు అంతంతమాత్రం. "మేనమామ అంటే నేను ఏం చెయ్యాలె భయ్యా?" అని అడిగాడు. "మీసం దువ్వుకుంట కూసోవాలె, మాట్లాడొద్దు," అన్నాను. "గది నాకు వస్తది," అని సంతోషించాడు. బాబాయిలు, అత్తలు, వదినెలు వరసగా తయారయ్యారు. ఎవరు ఏ వరసో మర్చిపోకుండా నేను రోజూ అప్పజెప్పించుకునేవాణ్ణి. ఒక ఇంటిపేరు కూడా ఎంచి పెట్టాను. తర్వాత అది బాగాలేదనిపించి మార్చాను. మార్చిన సంగతి అందరికీ చేరలేదు, దాని గతి తర్వాత చెబుతాను.

ఇంతకీ ఇంతమందిమి పోవడమెలా? నిర్మల్ దాటాక బస్సు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. బాయి లారీలో మనుషుల్ని ఎక్కించుకోనివ్వరు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, బండి లేకుండానే చుట్టాలు తయారై కూర్చున్నారు. అప్పుడు డ్రైవరుకు మంచిర్యాలలో ఒక మోటారు షెడ్డు వెనక చూసిన బొగ్గు బస్సు గుర్తొచ్చింది.

వెళ్లి చూశాం. టాపు మీద గడ్డి మొలిచింది. లోపల కోడి పొదుగుతోంది. కిటికీలకు అద్దాలు కాదు, గోనెపట్టాలు. వెనక పీపా మాత్రం తుప్పు పట్టి కూడా గట్టిగా ఉంది. షెడ్డు మేస్త్రీ మమ్మల్ని ఎగాదిగా చూసి, "నడిస్తె నడుపుకోండ్రి. చూసేటోళ్లు నవ్వితె మాత్రం నా పేరు చెప్పకుండ్రి," అన్నాడు. కోడినీ గుడ్లనూ బుట్టలోకి మార్చి పని మొదలుపెట్టాం. షిఫ్టు దిగడం, మంచిర్యాల పోవడం, అక్కడ ఇంజను విప్పడం. డ్రైవరు కింద దూరేవాడు, పెండ్లికొడుకు తుప్పు గీకేవాడు, నేను పక్కన నిలబడి సలహాలిచ్చేవాణ్ణి. నా సలహాలు ఎవరూ వినలేదని ఇక్కడ మనవి చేసుకుంటున్నాను. ఆఖరికి ఒక సీసా పెట్రోలుతో మొదలుపెట్టి, పీపా కింద పంకా చేత్తో తిప్పి, గ్యాసు అందించగానే ఆ ముసలి ఇంజను దగ్గింది, తుమ్మింది, తిరిగింది. మేం ముగ్గురం షెడ్డులో గంతులేశాం.

మేం బస్సును కాలనీకి తోలుకుపోయే ముందు మేస్త్రీ, "కట్టెబొగ్గు వోయుండ్రి. మంచిది, ఆరింది," అన్నాడు.

మేం నవ్వాం. బొగ్గు సంగతి మాకు చెబుతున్నాడు! నేల లోపలి నుంచి బొగ్గు తవ్వి దేశానికిచ్చే మేము కట్టెబొగ్గు వెతుక్కోవాలా? బాయి బొగ్గు ముందర కట్టెబొగ్గు ఎంత, దాని సెగ ఎంత? కాలనీలో ప్రతి ఇంటికీ వంటకు బాయి బొగ్గు వచ్చేది. పెండ్లి బస్సుకని చెప్పగానే తలా ఒక తట్ట తెచ్చి పోశారు. రెండు రోజులు కట్టెలతో వండుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి. అందులోంచి నిగనిగలాడే గడ్డలు ఏరి ఏరి బస్సు టాపు మీదికి ఎక్కించాం. మాకు మించిన బొగ్గు పండితులు లోకంలో లేరనుకున్నాం.

ఆదివారం తెల్లారగానే కదిలాం. నర్సమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. మేనమామ ముందర అద్దం మీద సింధూరం పూసి, కొండగట్టు అంజన్న పేరు చెప్పి కొబ్బరికాయ కొట్టాడు. ఆ ముసలి బస్సు మీద ఇంత భక్తి పడటం అదే మొదలు. మొదట్లో బ్రహ్మాండంగా నడిచింది. మంచిర్యాల బజారులో జనం దుకాణాలు వదిలి చూశారు. లక్సెట్టిపేట దాటాం. అడవి మొదలైంది, టేకు ఆకులు టాపుకు రాసుకుంటున్నాయి. ఆడవాళ్లు పాటలెత్తుకున్నారు. "చూసినవా మన బొగ్గు తాకత్?" అన్నాడు డ్రైవరు.

జన్నారం దాటిన కొంతసేపటికి ఆ తాకత్ అయిపోయింది. ఇంజను ఒకసారి మూలిగి ఆగింది. మళ్లీ తిప్పితే కదల్లేదు, బిగుసుకుపోయింది. డ్రైవరు గొట్టాలు విప్పాడు. లోపల తారు. నల్లగా, జిగురుగా, వేలు పెడితే వేలు రానంత తారు. బాయి బొగ్గులో ఉన్న జిడ్డంతా పొగతో పాటు వచ్చి ఇంజనులో పేరుకుంది. కట్టెబొగ్గులో ఆ జిడ్డు ఉండదు. మేస్త్రీ అందుకే చెప్పాడు. బొగ్గుబాయివాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు అది. మామూలు మనిషైతే చెప్పినమాట వినేవాడు.

అందరూ దిగారు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. పెండ్లికొడుకు మాత్రం రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని, "ఇగ చాలుర. ఎనుకకు పోదం. మీరు పరేషాన్ గాకుండ్రి," అన్నాడు. నాకు మళ్లీ మండింది. "నోరు మూసుకొని కిర్సనాయిలు సీసా తే!" అన్నాను. దీపాలకని తెచ్చిన కిర్సనాయిలుతో ఒక్కొక్క భాగమే కడగడం మొదలుపెట్టాం. ఆడవాళ్లు పాత చీర చింపి గుడ్డలిచ్చారు. కాసేపటికి వాళ్లే కూర్చుని తోమసాగారు. తారు చేతుల నుంచి మొహాలకు, మొహాల నుంచి కొత్త బట్టలకు ఎక్కింది. పెండ్లిబట్టలని ముందుగానే కట్టుకొచ్చినవాళ్ల మొహాలు చూడాలి అప్పుడు.

దగ్గర్లో ఒక పల్లె ఉంటే నేనూ మేనమామా నడిచిపోయి కమ్మరి కొలిమి పట్టుకున్నాం. కట్టెబొగ్గు కావాలని అడిగాం. ఎవరు మీరంటే చెప్పాం. కమ్మరి సుత్తి కింద పెట్టి మరీ నవ్వాడు. "బొగ్గుబాయోళ్లకు బొగ్గు దొరుకలేదా?" అన్నాడు. తారు సంగతి చెప్పాం. సంగతి విని, ఆయన తన దగ్గరున్న మూటలన్నీ ఎత్తించాడు. బదులుగా మా టాపు మీద మిగిలిన బాయి బొగ్గు ఆయనకే పోశాం. ఆ రాత్రి పల్లెవాళ్లు పెట్టిన జొన్నగట్క తిని అక్కడే పడుకున్నాం.

సోమవారం పొద్దున ఇంజను మళ్లీ తిరిగింది. కట్టెబొగ్గుతో దాని గొంతు మారింది, మెత్తగా నడిచింది. కాని బలం తక్కువ. ఖానాపూర్ దాటి నిర్మల్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నిర్మల్ అవతల ఘాటు ఉంది. గుట్ట చుట్టూ మెలికలు తిరిగే ఎక్కుడు రోడ్డు. మొదటి మలుపులోనే బస్సు నిలబడిపోయింది.

పొద్దు వాలుతోంది. పెండ్లికొడుకు దిగి, వెనక్కి వెళ్లి పీపాకు భుజం ఆనించాడు. రోజూ బాయిలో డబ్బాలు తోసే భుజం అది. అతని పక్కన మేనమామ నిలబడ్డాడు, తర్వాత నేను, తర్వాత మగవాళ్లందరూ. అందరూ అందలమెక్కితే మోసేవారెవరని నర్సమ్మ కొంగు నడుముకు చుట్టి దిగింది. దాంతో ఆడవాళ్లు కూడా దిగారు. లోపల డ్రైవరు ఒక్కడే మిగిలాడు. బాయిలో బరువు తోసేటప్పుడు ఒకడు కూత వేస్తే మిగతావాళ్లు ఊపిరి కలుపుతారు. మేనమామ తన భాషలో కూత వేశాడు, మేం మా భాషలో బదులిచ్చాం. పీపా సెగ మొహాలకు కొడుతోంది. బూడిద కళ్లలో పడుతోంది. మలుపు తర్వాత మలుపు ఎక్కించాం. పైకి చేరి, కింద అడవంతా కనబడ్డప్పుడు మేం పెట్టిన కేకకు చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. నా బతుకులో నేను అంత గొప్పవాణ్ణని ఇంకెప్పుడూ అనిపించలేదు.

బోథ్ చేరేసరికి పొద్దు ఇంకా ఉంది, చెట్ల మీద జానెడు ఎత్తున. ఊరి కుక్కలన్నీ మా వెంట పడ్డాయి. రైతు ఇంటి ముందర నులకమంచాల మీద ఊరి పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. బస్సు ఆగింది. ఒక్కొక్కరమే దిగాం. మొహాలు నలుపు, బట్టలు నలుపు. ఒక ముసలాయన మరాఠీలో ఏదో అంటే పక్కవాళ్లు నవ్వారు.

రైతు నవ్వలేదు. మంచాలు చూపించి, నీళ్లిప్పించి, "మీ ఇంటిపేరేందే?" అని అడిగాడు.

డ్రైవరు ఒక ఇంటిపేరు చెప్పాడు. వెనక నుంచి ఎవరో నేను మార్చిన ఇంటిపేరు చెప్పారు. మేనమామ, మాట్లాడొద్దని చెప్పినా వినకుండా, మీసం దువ్వుకుంటూ తన అసలు ఇంటిపేరే చెప్పేశాడు. అది గోరఖ్‌పూర్ ఇంటిపేరు. పెద్దమనుషులు మళ్లీ నవ్వారు. నా వారం రోజుల కష్టం మంటగలిసింది.

అప్పుడు మావాడు ముందుకు వచ్చాడు. అన్నేళ్ల స్నేహంలో వాడు అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేను వినలేదు.

"కాకా, వీళ్లల్ల నా రక్తం ఎవలు లేరు. మా అవ్వ ఎవలో, బాపు ఎవలో నాకెరుక లేదు. నాకు ఇంటిపేరు లేదు. వీళ్లు నా తోటి బతికేటోళ్లు. నువ్వు తరఫోళ్లను తోలుకరమ్మన్నవని నా కోసం వచ్చిండ్రు. తప్పుంటె నాది."

రైతు తల దించుకుని కూర్చున్నాడు. ఆఖరికి, "చుట్టాలే లేనోనికి పిల్లనెట్ల ఇయ్యాలె?" అని తనలో తనే అన్నట్టు అన్నాడు.

"అన్నా," అని తలుపు దగ్గర నుంచి పిలుపు వచ్చింది. ఆయన చెల్లెలు. మా కాలనీలో భర్తను పోగొట్టుకున్న ఆమె. పెద్దమనుషుల ముందుకు ఆమె రావడం అదే మొదటిసారి కాబోలు, అందరూ తిరిగి చూశారు.

"అన్నా, నీ ఇంట్ల బువ్వ తింటున్న, నాకేం మాటని ఇన్నొద్దులు నోరు తెరువలే. ఆయన పోయిననాడు నాకు చుట్టాలు లేరా? మస్తుగుండ్రి. ఆయన అన్నదమ్ములు ఒక్కడన్న వచ్చిండా? తలుపులేసుకున్నరు. గీ నర్సమ్మ వచ్చి నా పక్కల పండింది. నోట్లె బువ్వ వెట్టింది. గా మీసాలాయిన పాడె మోసిండు. గీ పిలగాడు నన్ను నీ ఇంటికి తెచ్చి దించిండు. రక్తం గావాలంటవేందే? రక్తం నేను చూసిన."

రైతు లేచి బస్సు దగ్గరికి పోయాడు. ఇంకా పొగ కక్కుతున్న పీపాను చూశాడు. దాని మీద తారులో, మసిలో పడ్డ చేతుల అచ్చులు చూశాడు.

"ఘాటు ఎట్లెక్కిందే గిది?" అని అడిగాడు.

"అది ఎక్కలే కాకా. మేమే నూకినం," అన్నాడు డ్రైవరు.

"అందరా?"

"అందరం. ఆడోళ్లు గూడ."

ఆయన పెద్దమనుషుల వైపు తిరిగాడు. "గింత ముసలి బండిని నడుమల ఇడిసిపెట్టకుంట గుట్టెక్కిచ్చిండ్రు. నా బిడ్డను ఇడిసిపెడ్తరా వీళ్లు?" అన్నాడు. పెద్దమనుషుల్లో ఒక్కరూ నవ్వలేదు. ఆయన నర్సమ్మ ముందుకు వచ్చి, "వదినె, లోపలికి రాండ్రి," అన్నాడు. నర్సమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి? మేనమామ మీసాల దాకా కన్నీళ్లు కారాయి. మేం బస్సుతో పాటు గెలిచాం.

ఆ వైపు మాట ఖాయమైతే పిల్లవాడి తల్లి పిల్ల చేతిలో చక్కెర పెట్టాలి. ఇత్తడి పళ్లెంలో చక్కెర తెచ్చారు. పిల్లను తెచ్చి కూర్చోబెట్టారు. నర్సమ్మ పిడికెడు తీయబోయి తన చేతులు చూసుకుని ఆగిపోయింది. నీళ్లతో కడిగింది, కొంగుకు తుడిచింది, తారు వదల్లేదు. "ఇంకెవలన్న పెట్టుండ్రి, నా చేతులు గిట్లున్నయి," అని వెనక్కి జరిగింది.

పిల్ల తలెత్తింది. అంతసేపూ ఆమె గొంతు ఎవరూ వినలేదు.

"గా చేతులతోనే పెట్టు అత్తమ్మా," అని రెండు అరచేతులూ చాచింది. నర్సమ్మ పెట్టింది. మసి అంటుకుని నల్లబడ్డ ఆ చక్కెరను పిల్ల అందరి ముందే నోట్లో వేసుకుంది.